సీమ కథల్లో కూలీలకు పేరెందుకు ఉండదు?

1990ల చివర ఊపందుకున్న ఫ్యాక్షన్ సినిమాలను గుర్తు చేసుకోండి. భూస్వామికి పేరు, వంశం, పగ, పశ్చాత్తాపం అన్నీ ఉంటాయి. కూలీ మాత్రం అతని వెనక కత్తి పట్టిన గుంపులో ఒకడు, లేదా కాళ్లమీద పడే బాధితుడు. ఇది నిజంగా అన్యాయం.

వార్తల్లోనూ తేడా తక్కువే. కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు వెళ్లే కుటుంబాలు మూటలతో ఫొటోలో కనిపిస్తాయి. కూలి ఎంత, పిల్లల బడి ఏమైందని వాళ్లనే అడిగి రాసిన కథనాలు అరుదు. అదే బంగారం ధర రోజూ వస్తుంది.

ప్రధాన కారణం ఆదాయం. పత్రికలు, ఛానళ్లు ఎక్కువగా ప్రకటనలపై నడుస్తాయి. ప్రకటనదారులకు కొనుగోలు శక్తి ఉన్నవాళ్లు కావాలి. అందుకే మధ్యతరగతి ఇబ్బంది ‘ప్రజా సమస్య’ అవుతుంది, అనంతపురం వేరుశనగ రైతు కష్టం కరవు వార్తగా వచ్చిపోతుంది.