కుళాయి విప్పి కడుగు, నానీ

చిరంజీవి నానికి పిన్ని ఆశీస్సులు.

నువ్వు ఇంట్లో బీరు తయారుచేయబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. నిజానికి ఆమె అన్నది "వాడు డాలస్‌లో సారా కాస్తాడట" అని. సారా వేరు, బీరు వేరనీ, ఇంట్లో సారా కాయడం అమెరికాలో నేరమే గాని బీరుకు 1978లో చేసిన చట్టం అనుమతి ఇచ్చిందనీ, ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు ఫెడరల్ పన్ను కూడా లేదనీ నచ్చజెప్పేసరికి నా గొంతు ఆరిపోయింది. ఒక పనిని మొదటినుంచి చివరిదాకా నీ చేతులతో నువ్వే చేయాలనుకోవడం నాకు గర్వంగా ఉంది. దాంతోపాటు భయంగానూ ఉంది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు), మరిగించే సమయం గురించి నేను చెప్పేదేమీ లేదు. కిట్‌తో వచ్చిన కాగితంలో ఉన్నట్టు చెయ్యి. గంటసేపు మరిగిన వోర్ట్‌కు, అంటే ఇంకా పులియని మాల్టు రసానికి, పొయ్యి మీద ఉన్నంతసేపూ ప్రమాదం లేదు. చల్లారడం మొదలైనప్పటినుంచి దాన్ని తాకే గరిటె, గొట్టం, థర్మామీటర్, మూత, చివరికి దాన్ని పులియబెట్టే ఈస్ట్ పొట్లం కత్తిరించే కత్తెర కూడా శానిటైజర్‌లో మునిగి రావలసిందే.

పాల ఫ్యాక్టరీ ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు నేను మొట్టమొదట చెప్పే మాట, కడగడం ఒక పని, క్రిములను చంపడం మరొక పని అని. మురికి మీద శానిటైజర్ పోస్తే అది పై పొరను తాకి ఊరుకుంటుంది, అడుగున ఉన్నవి హాయిగా బతుకుతాయి. ఇంట్లో బీరు చేసే మీ బాబాయికి ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆయన శుభ్రత తెలియని మనిషి కాదు. సీసాల్లోకి నింపే బకెట్‌ను ప్రతిసారీ వేడినీటితో కడిగి, శానిటైజర్ పోసి, కుళాయి తిప్పి కొంత బయటికి పారించేవారు. చూసేవాళ్లకు అంతకంటే ఏం కావాలి?

అయినా ఒక వేసవిలో చేసిన బీరు, నింపిన రోజున చక్కగా ఉండి, నెల తిరిగేసరికి రుచి పలచబడి, మూత తీయగానే సగం నురగై గచ్చు మీదికి వచ్చేది. ఆయన మొదట ఈస్ట్‌ను తిట్టారు. తరువాత గ్యాసు కోసం నింపేటప్పుడు కలిపే చక్కెర ఎక్కువైందని త్రాసు మార్చారు, మరుసటి విడతలో చక్కెర తగ్గించారు, అదీ పొంగింది. ఒక రాత్రి మెట్ల కింద అరలో పెద్ద చప్పుడైంది. వెళ్లి చూస్తే ఒక సీసా పేలి పక్కవాటినీ పగలగొట్టింది, గాజు పెంకులు తలుపు చెక్కలో దిగబడి ఉన్నాయి. పగలంతా మా అమ్మాయి బొమ్మలు పెట్టుకుని ఆడుకునేది ఆ అరలోనే. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి చల్లబడుతోంది.

మర్నాడు నేనే బకెట్ ముందు కూర్చుని, నట్టు విప్పి కుళాయి బయటికి తీశాను. దాన్ని వేడినీటిలో కాసేపు నానబెట్టి వెనకనుంచి నెడితే లోపల తిరిగే ముక్క ఊడివచ్చింది. దాని చుట్టూ, రబ్బరు వాషర్ కిందా గోధుమరంగు జిగురు, పుల్లటి వాసన. ఆయన పోసిన శానిటైజర్ రంధ్రం గుండా సాఫీగా పారిపోయిందే గాని ఆ సందులోకి చేరలేదు, కాని ప్రతి సీసాలోకీ బీరు వెళ్లింది ఆ సందును తాకుతూనే. మామూలు బీరు ఈస్ట్ తినలేక వదిలేసే పెద్ద చక్కెరలను కొన్ని వైల్డ్ ఈస్ట్‌లు నెమ్మదిగా తింటూ పోతాయి, బిగించిన సీసాలో ఆ గ్యాసు పోవడానికి దారి ఉండదు. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ల్యాబులో హాన్సెన్ అనే శాస్త్రవేత్త ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచింది కూడా ఇలాంటి చొరబాటుదార్ల బెడద పడలేకే. మీ బాబాయి ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఊడుతుందా?" అన్నారు. అంత చదువుకున్న మనిషి!

మన ఊళ్లో గౌడ్ తాత నీరా కోసమైతే లొట్టి లోపల సున్నం పూసి చెట్టుకు కట్టేవాడు, కల్లుకైతే సున్నం లేని పాత లొట్టినే కట్టేవాడు. మీ అమ్మనడుగు, ఆమెకూ గుర్తుండాలి. పాత లొట్టికి అంటుకుని ఉన్నవే తాటి రసాన్ని దించేలోపే పులియబెట్టేవి. కల్లుకు అది కావాలి, నీ బకెట్‌కు వద్దు.

కాబట్టి వాడిన రోజే, జిగురు ఎండకముందే, కుళాయినీ గొట్టాలనూ విడదీసి పీబీడబ్ల్యూ లాంటి క్షారపు పొడి కలిపిన వేడినీటిలో నానబెట్టు. గరుకు పీచుతో ప్లాస్టిక్‌ను రుద్దకు, ఆ గీతల్లో చేరినవి మళ్లీ నీకు చిక్కవు. వాడబోయే ముందు స్టార్ శాన్ అనే శానిటైజర్‌ను అయిదు గ్యాలన్ల నీటికి ఒక ఔన్సు చొప్పున కలిపి, కనీసం ఒక నిమిషమైనా తడి ఆరకుండా ఉంచు. నురగ మిగిలిందని కంగారుపడి మళ్లీ ఇంటి కుళాయి నీళ్లతో కడిగావంటే చేసిన పనంతా వృథా.

బ్లీచ్ మాత్రం ముట్టుకోకు. సరిగా కడగకపోతే బీరుకు ఆసుపత్రి వాసన పడుతుంది, అది పోనీ అనుకుందాం. స్టార్ శాన్ ఆమ్లం. బ్లీచ్‌తో ఆమ్లం కలిస్తే క్లోరిన్ గ్యాసు పుడుతుంది. నీ అపార్ట్‌మెంటు స్నానాలగదికి కిటికీ కూడా లేదని మీ అమ్మ చెప్పింది. ఆ రెండు సీసాలూ ఒకే అరలో పెట్టవద్దు.

సీసాలు అట్టపెట్టెలో కాదు, మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో ఉంచు. ఒకటి తెరిచినప్పుడు పొంగితే, మిగతావాటిని చేతికి మందపాటి తొడుగులు, కంటికి అద్దాలు పెట్టుకుని ఫ్రిజ్‌లోకి మార్చిన తరువాతే నాకు ఫోన్ చెయ్యి. ఈ శనివారం ఈస్ట్ వేసేముందు ఒకసారి వీడియో కాల్ చేసి, విప్పిన కుళాయి ముక్కలను వెలుతురులో పెట్టి నాకు చూపించు. మీ బాబాయి కూడా చూస్తానంటున్నారు.

ప్రేమతో,
పిన్ని