స్టాండర్డ్ ఎంఎల్ పుస్తకంలోని లిస్టు ఓకామెల్‌లో టైప్ ఎర్రర్ ఇస్తే

స్టాండర్డ్ ఎంఎల్, ఓకామెల్ దగ్గరి చుట్టాలైన రెండు ప్రోగ్రామింగ్ భాషలు. మొదటిదాని పుస్తకంలోని లిస్టును రెండోదానికి మార్చి రాస్తే, ఫంక్షన్ దగ్గర టైప్ ఎర్రర్ (విలువ రకం సరిపోలేదనే ఫిర్యాదు) వస్తుంది. తప్పు ఫంక్షన్‌లో లేదు, లిస్టులోని కామాల్లో ఉంది. ‘వాల్’ (val) తీసి ‘లెట్’ (let) పెట్టారు, కామాలు మాత్రం అలాగే వదిలేశారు.

[1, 2, 3] అంటే స్టాండర్డ్ ఎంఎల్‌లో మూడు అంకెల లిస్టు. ఓకామెల్‌లో అది ఒకే ఒక్క టపుల్ (కామాలతో కట్టిన విలువల మూట) ఉన్న లిస్టు! ఆ లైన్ దగ్గర కంపైలర్ కిమ్మనదు. లిస్టును ఫంక్షన్‌కు ఇచ్చాకే గోల చేస్తుంది. అందుకే అందరూ ఫంక్షన్‌నే అనుమానిస్తారు.

1. [1; 2; 3] అని సెమికోలన్లు పెట్టండి.
2. తనను తానే పిలిచే ఫంక్షన్లకు ‘లెట్ రెక్’ (let rec) తప్పనిసరి.
3. ~5 బదులు -5, => బదులు ->, దశాంశాల కూడికకు + బదులు చుక్కతో ‘+.’ రాయండి.

రెండూ ఎడిన్‌బరోలో పుట్టిన ఎంఎల్ అనే భాష సంతానమే. అయితే స్టాండర్డ్ ఎంఎల్ నిర్వచనం 1990లో వచ్చింది (సవరణ 1997). ఓకామెల్ 1996లో ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధన సంస్థ నుంచి వేరే దారిలో వచ్చింది.