పన్నెండు పేజీల ఎల్ఫ్ కన్నా యాభై అడుగుల తాడు నయం

"డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటిసారి ఆడబోతున్నాను. నిజంగా ఉన్న మనిషే అనిపించే పాత్రను ఎలా తయారు చేసుకోవాలి? పాత్ర వెనకటి కథ, అదే బ్యాక్‌స్టోరీ, ఎన్ని పేజీలు రాయాలి?" అని అడిగారు. తెలియనివాళ్ళకి చెబుతున్నాను: టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాట్లాడుతూ, డైస్ వేస్తూ కథ నడిపే ఆట ఇది.

ఒక్క పేజీ కూడా వద్దండీ. నేను 12 పేజీలు రాసి బాగుపడ్డాను, అందుకే చెబుతున్నాను.

నా మొదటి పాత్ర ఎల్ఫ్ విజార్డ్, అంటే కోసు చెవుల జాతి మంత్రగాడు. రాజ్యం పోగొట్టుకున్న రాజకుమారుడు, అమ్మానాన్నలను చంపిన మాంత్రికుడి మీద పగ, చేతి మీద పుట్టుమచ్చ, ఒక జోస్యం. మన జానపద సినిమాల్లో ఉన్న సరుకంతా దింపేశాను. పేరు ఏలాండ్రియెల్. శనివారాలు మియాపూర్‌లో ఒక ఫ్రెండ్ ఫ్లాటులో ఆడేవాళ్ళం. మొదటి రోజు అరగంట తిరక్కుండానే ఆ పేరు 'ఎల్లయ్య' అయిపోయింది. రెండో శనివారం అడవి దారిలో గాబ్లిన్లనే బుల్లి రాక్షస మూక మాటు వేసింది. లెవెల్ 1 విజార్డుకు హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) 6, పైన ఒంటి గట్టిదనం అనే కాన్‌స్టిట్యూషన్ పుణ్యమా అని ఒకటో రెండో. నాకు 7 ఉన్నాయి. రెండు బాణాలకే పడిపోయాను. పడ్డాక ప్రతి వంతులోనూ ఇరవై ముఖాల డైస్ వేయాలి, 10 గానీ అంతకన్నా పైన గానీ రావాలి, మూడుసార్లు తప్పితే మనిషి పోయినట్టే. నాకు 4, 9, 6 వచ్చాయి. రాజకుమారుడు పోయాడు. "అయ్యో ఎల్లయ్యా" అన్నారు, సమోసాలు చల్లారిపోతున్నాయని ఆ పనిలో పడ్డారు. మాంత్రికుడు ఎవరు, జోస్యం ఏమిటి అని ఒక్కడూ అడగలేదు. ఆట నడిపించే డీఎమ్ కూడా రెండు పేజీలే చదివానని తర్వాత ఎప్పుడో ఒప్పుకున్నాడు.

అసలు ఈ అనాథల గోల ఏమిటో నాకు అర్థం కాదు. ఆ రోజు టేబుల్ దగ్గర ఐదుగురం ఆడుతుంటే నలుగురి పాత్రలకు తల్లీదండ్రీ లేరు. ఒక్కసారి ఫోన్ ఎత్తకపోతే పదిసార్లు చేసే అమ్మలున్న వాళ్ళం, ఆటలోకి రాగానే ముందు వాళ్ళని చంపేస్తాం. ఎందుకంటే బంధువులుంటే డీఎమ్ వాళ్ళని పట్టుకుని ఏడిపిస్తాడని భయం. ఏడిపించనివ్వండి, అక్కడే కదా ఆట ఉంది!

ఈ మధ్య ఇంకో రకం బయల్దేరారు. బ్యాక్‌స్టోరీ ఏఐతో రాయించుకుని, బొమ్మ కూడా దాంతోనే వేయించుకుని వస్తారు. బొమ్మలో వాడు సింహంలా ఉంటాడు. టేబుల్ దగ్గర కూర్చున్నాక "నా వంతా? కత్తితో కొడతాను" తప్ప ఇంకో ముక్క మాట్లాడడు.

సరే, రెండో పాత్ర సంగతి చెబుతాను. మీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబంతా అదే.

ఎల్లయ్య పోయాక కొత్త షీట్ నింపాలి. టైం లేదు, వచ్చే శనివారానికి కావాలి. పొట్టిగా దిట్టంగా ఉండే డ్వార్ఫ్ జాతివాణ్ణి తీసుకున్నాను, పేరు బర్గన్. చేసే పని ఏమిటని డీఎమ్ అడిగితే నోటికి ఏదొస్తే అది చెప్పాను: "కొట్టు పెట్టుకున్నాడు". ఎందుకంటే ఆ క్షణంలో నాకు మా మావయ్య గుర్తొచ్చాడు.

తణుకులో మా మావయ్యకి పచారీ కొట్టు ఉండేది. వేసవి సెలవుల్లో నన్ను అక్కడ కూర్చోబెట్టేవాడు. చెవి వెనక పెన్సిలు, గల్లా పెట్టె పక్కన ఖాతా పుస్తకం, తల పైన వేలాడే పురికొస ఉండ. ఆ పురికొస ఆయన కొన్నది కాదు. సరుకు వచ్చే కట్టలకి కట్టి ఉన్న పురికొసలన్నీ విప్పి, ఒకదానికొకటి ముడేసి, ఉండగా చుట్టేవాడు. మేం తొందరలో కట్టకి కత్తి పెడితే కేక వేసేవాడు, "కొయ్యకురా! కట్టినోడికి ఓపికుంటే ఇప్పేవోడికి ఉండదా?" అని. ఆయన వేళ్ళు లావు, గోళ్ళు అరిగిపోయి ఉండేవి. ఒక్కో ముడి దగ్గర ఐదేసి నిమిషాలు. కొట్టు ముందు జనం నిలబడి ఉన్నా సరే, ముడి విప్పాకే బేరం.

అంతే, బర్గన్‌కి ఆ ఒక్క అలవాటు ఇచ్చాను. ఏదీ పారెయ్యడు, దేనికీ కత్తి పెట్టడు, ప్రతిదానికీ పద్దు రాస్తాడు.

ఇక్కడ అంకెల గురించి ఒక మాట. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆట తెచ్చినప్పుడు ఆరు ముఖాల డైస్ మూడు వేసి, వచ్చిన మొత్తాన్ని వచ్చిన వరుసలోనే బలానికి ఇంత, తెలివికి ఇంత అని రాసుకునేవాళ్ళు. 18 పడాలంటే 216లో ఒక్క అవకాశం. పెళ్ళిచూపుల్లేని పెళ్ళి లాంటిది, ఎవడొస్తే వాడితోనే కాపురం. ఇప్పుడు నాలుగు డైస్‌లు వేసి తక్కువది తీసేస్తున్నాం, లేదా తయారుగా ఉన్న 15, 14, 13, 12, 10, 8 అంకెలను మనకి నచ్చినట్టు పంచుకుంటున్నాం. అందరూ 15 ఎక్కడ పెట్టాలని గంట ఆలోచిస్తారు. 8ని మాత్రం ఎవరికీ కనపడని మూల పడేస్తారు. నన్నడిగితే పాత్ర అంటేనే ఆ 8. నేను బర్గన్‌కి 8ని డెక్స్‌టెరిటీలో, అంటే చేతి నేర్పులో, పెట్టాను. లావు వేళ్ళు, ముళ్ళు విప్పే పిచ్చి. ఆ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి చూశారా, ఇక బ్యాక్‌స్టోరీతో పనేముంది?

2014 నాటి రూల్‌బుక్కులో పాత్రకు ఒక ఆదర్శం, ఒక బంధం, ఒక లోపం అని పట్టికలుండేవి. 2024లో వచ్చిన కొత్త పుస్తకంలో నేపథ్యాల పక్కన ఆ పట్టికలు లేవని మావాళ్ళు తెగ బాధపడ్డారు. నాకేం బాధ లేదు. లోపం అన్న గడిలో మావాళ్ళు ఏం రాసేవాళ్ళో నేను చూశాను కదా. "స్నేహితుల కోసం ప్రాణమైనా ఇచ్చేస్తాను." అది లోపమా? ఇంటర్వ్యూలో మీ బలహీనత ఏమిటంటే "పనిలో పడితే టైం చూడను సార్" అన్నట్టుంది.

బర్గన్ మొదటి రోజే అందరి ప్రాణం తీశాడు. మేం ఆడింది 2014 రూల్స్‌తో, అందులో డ్వార్ఫ్‌కి చీకట్లో 60 అడుగుల దూరం కనిపిస్తుంది. మా జట్టులో కత్తి పట్టే ఫైటర్ మామూలు మనిషి, వాడికి దివిటీ కావాలి. ఆటలో దివిటీ ధర ఒక రాగి నాణెం, గంటసేపు వెలుగుతుంది. పెద్ద ఖర్చేం కాదు, ఎవరూ లెక్క పెట్టరు కూడా. బర్గన్ పెట్టాడు. "ఇది నీ ఖాతాలో రాస్తన్నానండోయ్. నాకు దీపంతో పని లేదు" అన్నాడు. నేనూ ఒక నోట్‌బుక్కు తీసి నిజంగానే రాశాను. ఫైటర్ ఆడుతున్నవాడు నవ్వాడు. మూడో దివిటీకి నవ్వలేదు. ఐదో దివిటీకి "ఆర్పేస్తా, చీకట్లోనే పడి చస్తా, సరేనా?" అన్నాడు. వాడికి నిజంగా కోపం వచ్చింది. ఎల్లయ్య పగ, జోస్యం ఎవరికీ ఏ ఉద్వేగమూ కలిగించలేదు, ఒక రాగి నాణెం కలిగించింది.

ఇంకోటి. బర్గన్ వచ్చాకే నేను ఆటలో తెలుగు మాట్లాడటం మొదలుపెట్టాను. అంతకు ముందు అందరం లండన్‌లో పుట్టినట్టు గొంతులు మార్చి ఇంగ్లిష్ ఊదేవాళ్ళం. మావయ్య మాటలు ఇంగ్లిష్‌లోకి రావు, ఏం చెయ్యను? నన్ను చూసి డీఎమ్‌కీ ధైర్యం వచ్చింది. వాడిది వరంగల్. వాడి సత్రం నడిపే ముసలమ్మ "ఏం గావాలె బిడ్డా" అని అడిగిన రోజు ఆ సత్రంలోంచి మేం రెండు వారాలు బయటికి కదల్లేదు. యుద్ధాలు లేవు, నిధులు లేవు, ఆమెతో ముచ్చట్లే.

ఇక తాడు కథ. పాడుబడ్డ కోట ఒకటి, దాని కింద 40 అడుగుల లోతు నేలమాళిగ. స్తంభానికి తాడు కట్టి దిగాం. ఆ తాడు బర్గన్‌ది. యాభై అడుగుల నార తాడు, ధర ఒక బంగారు నాణెం. కింద ట్రోల్ ఉంది. ట్రోల్ గురించి తెలియనివాళ్ళకి చెబుతున్నాను: అదో పెద్ద రాక్షసి, 2014 రూల్స్‌లో దానికి హిట్ పాయింట్లు 84, ప్రతి వంతులో 10 తిరిగి వచ్చేస్తాయి. నిప్పు గానీ యాసిడ్ గానీ తగిలితేనే ఆగుతుంది. మా దగ్గర మిగిలిన దివిటీ ఒక్కటే, అదీ కంగారులో ఆరిపోయింది. పరుగే గతి. ఆ రూల్స్ ప్రకారం మిగతావాళ్ళు ఒక వంతుకి 30 అడుగులు పరిగెత్తుతారు, డ్వార్ఫ్ 25. అందుకని అందరూ పైకి ఎక్కేశాక ఆఖరున బర్గన్ ఎక్కాడు. వెనకే ట్రోల్ అదే తాడు పట్టుకుని ఎక్కుతోంది.

ఫైటర్ కత్తి ఎత్తి "తాడు నరికేస్తున్నా" అన్నాడు.

నా నోట్లోంచి వచ్చేసింది, "కొయ్యకు! ఇప్పుతాను!"

టేబుల్ దగ్గర అందరూ నా వైపు తిరిగారు. ఆలోచించి అన్నది కాదది. డీఎమ్ కాసేపు నన్నే చూశాడు. "ట్రోల్ బరువంతా వేలాడుతోంది, ముడి బిగుసుకుపోయింది. డెక్స్‌టెరిటీతో డైస్ వెయ్యి, 15 రావాలి" అన్నాడు. నాకు 8, అంటే ఏది పడినా అందులోంచి ఒకటి పోతుంది. వేశాను. 7. పోయింది. ట్రోల్ సగం దూరం వచ్చింది. ఫైటర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఒరేయ్, ఒక్క నాణెం తాడురా అది! నేను కొనిస్తా!" అని అరుస్తున్నాడు. పక్క ఫ్లాటు అంకుల్ గోడ మీద కొట్టాడు. మళ్ళీ వేశాను. 11. డీఎమ్ తన చెయ్యి టేబుల్ అంచు మీద నెమ్మదిగా పెట్టి, "దాని వేళ్ళు కనిపిస్తున్నాయి" అన్నాడు. ఫైటర్ మళ్ళీ కత్తి ఎత్తలేదు. ఎత్తవచ్చు, రూల్స్ ప్రకారం వాణ్ణి ఆపేదేమీ లేదు. ఎందుకు ఎత్తలేదని తర్వాత అడిగితే, "ఆయన ఇప్పుతానన్నాడు కదరా" అన్నాడు. నన్ను కాదు, బర్గన్‌ని 'ఆయన' అన్నాడు.

మూడోసారి 17 పడింది. ఒకటి తీస్తే 16. ముడి వీడింది.

అందరం అరిచాం, కౌగిలించుకున్నాం. డీఎమ్ మాత్రం నవ్వు ఆపుకుంటూ కూర్చున్నాడు. "ట్రోల్ కింద పడింది" అన్నాడు. "తాడుతో సహా."

నిజమే మరి. నరికి ఉంటే స్తంభానికి చుట్టిన రెండు మూడు అడుగులైనా మిగిలేది. విప్పాం కాబట్టి యాభై అడుగులూ దాని వెంటే పోయాయి. 40 అడుగులు పడితే ట్రోల్‌కి ఏమంత దెబ్బ కాదు, రెండు వంతుల్లో లేచి కూర్చుంటుంది. అందరూ పరిగెత్తండని అరుస్తున్నారు. నేను నోట్‌బుక్కు తీసి "తాడు, నార, 1 బంగారు నాణెం, పోయింది" అని రాసి, అప్పుడు పరిగెత్తాను. రాస్తుంటే ఎవరూ నవ్వలేదు. మావయ్య కొట్టు మూసేసిన రోజు ఆ పురికొస ఉండను ఏం చెయ్యాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను. అదంతా టేబుల్ దగ్గర చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది కూడా.

కాబట్టి మీ చుట్టాల్లో ఒకరిని పట్టుకోండి. మనకి చుట్టాల కొరత లేదు కదా. మొత్తం మనిషిని దించకండి, వాళ్ళ ఒక్క అలవాటు చాలు. ఆ అలవాటు వల్ల ఆటలో మీకు నష్టం రావాలి, అది ముఖ్యం. లాభం వచ్చే అలవాటును ఎవరూ నమ్మరు. పొడుగాటి పేరు పెట్టకండి, ఎలాగూ ఎల్లయ్యే అవుతుంది. పాత్ర మంచీచెడూ రాసే అలైన్‌మెంట్ గడిలో 'కేయాటిక్ న్యూట్రల్', అంటే నా ఇష్టం నాది, అని రాసుకుని పక్కవాళ్ళ జేబులు కొట్టేవాళ్ళతో అసలు ఆడకండి. మీరు అడగకపోయినా చెబుతున్నాను, నా డైస్ ఒకటి అలాంటివాడి దగ్గరే ఉండిపోయింది.

తర్వాతి శనివారం ఎవరికో ఆన్‌కాల్, ఆపై వారం ఎవరిదో పెళ్ళి. ఈ ఆటలో ట్రోల్ కన్నా గట్టి శత్రువు క్యాలెండరే. నాలుగు వారాల తర్వాత కూర్చున్నాం. ఫైటర్ వస్తూనే, "ఊళ్ళోకి వెళ్ళి బర్గన్‌కి తాడు కొన్నాను. నారది కాదు, పట్టుది, పది బంగారు నాణేలు" అని టేబుల్ మీద చెయ్యి చాచాడు, నిజంగా తాడు పట్టుకున్నట్టే.

బర్గన్ ఆ తాడు తీసుకోలేదు. "పదా? ఎవరిచ్చారు? పద, ఆ కొట్టు చూపించు" అన్నాడు.

డీఎమ్ రెండు రోజులు కూర్చుని గీసిన గుహ మ్యాపు ఆ రోజు సంచీలోంచి బయటికే రాలేదు. సాయంత్రమంతా బేరమే. కొట్టామె వరంగల్ మనిషి, ఊరికే లొంగలేదు. రాత్రి తొమ్మిదిన్నరకి తొమ్మిది బంగారం, ఐదు వెండికి దిగింది.