ఖర్చు చేసి పన్నా? పన్ను వేసి ఖర్చా?

సందేహం: ఆధునిక ద్రవ్య సిద్ధాంతం గురించిన ఒక అనువాద వ్యాసంలో ‘ప్రభుత్వం ఖర్చు చేసి పన్నులు వసూలు చేస్తుంది’ అని చదివాను. ‘పన్నులు వసూలు చేసి ఖర్చు చేస్తుంది’ అని కదా ఉండాలి? అనువాదకుడు క్రియలను తారుమారు చేశాడా?

సమాధానం: లేదు. ఆ తలకిందుల వరసే ఆ సిద్ధాంతానికి ఆయువుపట్టు.

‘చేసి’ క్త్వార్థకం. ఒకే కర్త చేసే రెండు పనుల్లో ముందుదాన్ని చెబుతుంది. స్నానం చేసి భోంచేశాడు. కొన్నిచోట్ల అంతటితో ఆగదు. ‘అప్పు చేసి పప్పుకూడు’ అన్నప్పుడు అప్పు ముందు జరగడమే కాక, ఆ పప్పుకూటికి ఆధారమూ అవుతోంది. మీకు సహజంగా తోచిన వాక్యంలోనూ ఈ రెండో అర్థం నక్కి ఉంది: పన్ను రాబడే ఖర్చుకు ఆధారమని. ఈ సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చిన వారెన్ మోస్లర్, రాండాల్ రే, స్టెఫానీ కెల్టన్ వంటివారు ఒప్పుకోనిది సరిగ్గా దాన్నే.

మోస్లర్ ఇంట్లో జరిగిన సంగతిని కెల్టన్ 2020లో వచ్చిన తన పుస్తకంలో చెప్పారు. ఇంటిపనులు చేస్తే తన విజిటింగ్ కార్డులు ఇస్తానని ఆయన పిల్లలతో అన్నారు. ఆ అట్టముక్కలు ఎవరికి కావాలి? పిల్లలు కదల్లేదు. నెలనెలా ఇన్ని కార్డులు తనకు తిరిగి కట్టాలని, కట్టకపోతే టీవీ, ఈతకొలను బందని చెప్పాక పక్కలు సర్దడం, గిన్నెలు కడగడం మొదలైంది. ఇక్కడ తండ్రి ప్రభుత్వం, కార్డులు డబ్బు, నెలనెలా కట్టేది పన్ను. తండ్రి కార్డులు ఇవ్వకముందే వసూలు చేయలేడు. అచ్చు వేయించేది తనే కనుక వాటికి కొరతా రాదు. ఆ వసూలు వల్ల కార్డుకు గిరాకీ పుట్టింది, అంతే. అందుకే ‘ఖర్చు చేయడానికి పన్ను వేసింది’ అనే తుమున్నర్థకం (ఫలానా పని కోసం అని చెప్పే రూపం) కూడా వారి లెక్కలో పొసగదు.

అలాగని ఎంతైనా గుమ్మరించవచ్చని వారు అనరు. కొనడానికి సరుకు, పనికి మనుషులు చాలనప్పుడు ధరలు లేస్తాయి. అప్పుడు జనం చేతిలోని డబ్బు తగ్గించడానికి పన్ను పనికొస్తుంది.

నన్ను అడిగితే ఆ వాక్యంలో చిక్కంతా కర్తతోనే. ‘ప్రభుత్వం’ అనగానే మనలో చాలామందికి అమరావతో హైదరాబాదో తడుతుంది. రూపాయి జారీ చేసే అధికారం వాటికి లేదు. వాటికి మీ వరసే సరి: పన్నులు వసూలు చేసి, చాలకపోతే అప్పు తెచ్చి ఖర్చు చేస్తాయి. రిజర్వు బ్యాంకు ఇచ్చే చేబదుళ్లకూ పరిమితి ఉంది. పత్రికలు రాసే ‘ఖజానా ఖాళీ’ రాష్ట్రాలకు చక్కగా చెల్లుతుంది.

మరి కేంద్రానికి? రూపాయి దానిదే. అయితే ప్రభుత్వ లోటుకు, అప్పుకు హద్దులు పెట్టే 2003 నాటి ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం ప్రకారం 2006 ఏప్రిల్ నుంచి కేంద్రం బాండ్లను (అప్పు పత్రాలను) రిజర్వు బ్యాంకు నేరుగా కొనడం, ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప, కుదరదు. కేంద్రం వాటిని మార్కెట్లో అమ్ముకోవాలి. అది మనకు మనం వేసుకున్న బంధమేనని ఈ సిద్ధాంతకర్తలు అంటారు. కావచ్చు, కానీ బంధం ఉన్నంతకాలం ‘చేస్తుంది’ అని నిశ్చయంగా రాయడం నాకు నచ్చదు. భారతదేశం గురించి రాసేటప్పుడు ‘చేయగలదు’ అంటే చాలు. సిద్ధాంతం వరకే అయితే ‘సొంత కరెన్సీ జారీ చేసే ప్రభుత్వం ముందు ఖర్చు చేసి, తర్వాత పన్నులు వసూలు చేస్తుంది’ అని రాయవచ్చు.