517501ను పరీక్షించే తీరు: మనవరాలికి ఉత్తరం

తిరుపతి

చిరంజీవి మనవరాలికి తాతయ్య దీవించి వ్రాయునది.

మా తిరుపతి పిన్‌కోడు 517501, మీ చిత్తూరుది 517001 కదా, వీటిలో ఏది ప్రధాన సంఖ్యో ఎలా తేల్చాలని అడిగావు. పెద్ద సంఖ్య కనబడగానే వరసబెట్టి భాగించడం మొదలుపెట్టవద్దు. ముందు దాన్ని కాసేపు తేరిపార చూడు.

719 వర్గం 516961, 720 వర్గం 518400. కాబట్టి 517501కి ఒకటీ, తానూ కాక వేరే కారణాంకం ఉంటే, 719కి మించని ప్రధాన సంఖ్య ఏదో ఒకటి దాన్ని శేషం లేకుండా భాగించి తీరాలి. అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలు 128. వాటిలో 2, 3, 5 సంగతి అంకెలు చూస్తేనే తెలిసిపోతుంది. 7, 11, 13ల లబ్ధం 1001 కనుక వాటిని విడివిడిగా ప్రయత్నించనక్కరలేదు. 1000 అంటే 1001కి ఒకటి తక్కువ, అందుకే 517లోంచి 501 తీసివేస్తే వచ్చే 16ను ఆ మూడింటిలో ఏదీ భాగించదు, కనుక అసలు సంఖ్యనూ భాగించదు. 1000 అంటే 999కి ఒకటి ఎక్కువ, 999లో 37 ఇరవై ఏడు సార్లు పోతుంది కాబట్టి, 37కు మాత్రం ఆ రెండు ముక్కలనూ కూడాలి: 1018, శేషం 19.

ఈ 37ను తేలిగ్గా తీసుకోవద్దు. నేను బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో మీ చిత్తూరు సంఖ్యను 31 వరకు భాగించి, ఎక్కడా తెగకపోయేసరికి విసిగి, అది ప్రధాన సంఖ్యేనని పిల్లలకు చెప్పేశాను. ఆ తర్వాతి ప్రధాన సంఖ్యే 37. 517కు 1 కలిపితే 518, అంటే 37 × 14. మరునాడు అదే బోర్డు మీద 37 × 89 × 157 అని దిద్దాను. ఆ పిల్లల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి చెబుతాను. 699 వర్గం 488601, 170 వర్గం 28900. కలిపితే సరిగ్గా 517501. ఈ రెండింటికీ ఉమ్మడి కారణాంకం లేదు. అలాంటి రెండు వర్గాల మొత్తం బేసి సంఖ్య అయితే, 4తో భాగించినప్పుడు 1 మిగిలే ప్రధాన సంఖ్యలు తప్ప మరేవీ దాన్ని భాగించలేవు. 3 మిగిలే 7, 11, 19, 23 వంటివన్నీ దీనితో తప్పుకుంటాయి, పని సుమారు సగానికి తగ్గుతుంది. మిగిలినవాటితో 709 దాకా నోటుపుస్తకంలో ఒక్కొక్కటిగా భాగించాను. 353 దగ్గర శేషం 3 మాత్రమే వచ్చినప్పుడు గుండె ఝల్లుమంది. చివరికి ఏదీ తెగలేదు. 517501 ప్రధాన సంఖ్యే. నీవు కూడా ప్రతి శేషాన్నీ రాసిపెట్టుకో, తరువాత గుణించి సరిచూసుకోవచ్చు.

ఇటువంటి ప్రధాన సంఖ్య రెండు వర్గాల మొత్తంగా ఒకే విధంగా వస్తుంది. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలకు ఈ గుణం ఉందని ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా 1640లో సాటి పండితుడు మెర్సెన్‌కు ఉత్తరంలో రాయగా, తరువాతి శతాబ్దంలో స్విస్ గణితవేత్త ఆయిలర్ నిరూపించాడు. అందువల్ల 517501కు మరో జత కోసం వెతకవద్దు. మీ 517001కు మాత్రం నాలుగు జతలున్నాయి. 245, 676 ఒకటి; మిగిలిన మూడూ 37, 89, 157లను విడివిడిగా రెండు వర్గాలుగా విడదీస్తే దొరుకుతాయి. పండుగకు వచ్చేటప్పుడు ఆ జతలు రాసిన కాగితం తీసుకురా.

ఆశీస్సులతో,
తాతయ్య