నిలకడ లేని కార్నర్‌బ్యాక్‌ను ఉంచుకోవాలా, వదులుకోవాలా?

చిరంజీవి అమ్మలూకి పెదనాన్న ఆశీస్సులు.

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మీ జట్టు కార్నర్‌బ్యాక్ (పాస్ అందుకునే రిసీవర్‌ని కాపలా కాసేవాడు) కాంట్రాక్టు ఈ మార్చితో అయిపోతోందనీ, ఒక ఆదివారం ఎదుటి రిసీవర్‌ని కట్టిపడేసి మరుసటి ఆదివారం చేతులెత్తేసే ఆ కుర్రాడి మీద నివేదిక రాసే పని నీకు పడిందనీ రాశావు. అతని ఆట ఎందుకు ఊగుతోందో తేలేదాకా ధర జోలికి వెళ్లకు. ఊగిసలాటకు కారణాలు నాలుగైదు ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో ధర.

ముందు ఇంటర్‌సెప్షన్ల (ఎదుటివాళ్ల పాస్‌ని మధ్యలో అందుకోవడం) లెక్క పక్కన పెట్టు. 2021లో డాలస్ తరఫున కార్నర్ ట్రెవాన్ డిగ్స్ 11 తీశాడు. అదే ఏడాది ప్రత్యర్థులు అతని మీదుగా రాబట్టిన గజాలూ చాలా ఎక్కువే. తన వైపు వచ్చిన బంతుల్లో రిసీవర్‌ని పట్టనిచ్చిన క్యాచ్‌ల శాతాన్ని కూడా గుడ్డిగా నమ్మకు. సీజనంతా ఆడిన కార్నర్ వైపు సుమారు 80 నుంచి 100 బంతులు వస్తాయి. 90 బంతుల్లో 54 పట్టనిస్తే 60 శాతం, 59 పట్టనిస్తే 65 దాటుతుంది. ఆ అయిదు క్యాచ్‌ల తేడా ఉత్త అదృష్టం వల్ల కూడా వస్తుంది. దాన్ని చూసి ‘ఈ ఏడాది పడిపోయాడు’ అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నువ్వు రాయొద్దు.

అందుకే వీడియో చూడాలి. టీవీలో వచ్చేది పనికిరాదు, 22 మందీ కనబడే కోచింగ్ వీడియో తీసుకో. గత రెండు సీజన్లలో అతని వైపు వచ్చిన ప్రతి బంతినీ, బంతి రాకపోయినా అతను మ్యాన్ కవరేజ్‌లో (ఒక్క రిసీవర్‌నే వెంటాడే కాపలా) ఉన్న ప్రతి ఆటనూ వరసగా చూడు. ఒక్కోదానికి ఇవి నమోదు చెయ్యి: ప్రెస్‌లో (రిసీవర్ ముందే, దగ్గరగా) నిలబడ్డాడా, ఏడెనిమిది గజాలు వెనక్కి నిలబడ్డాడా, మ్యానా, జోనా (మనిషిని కాక చోటును కాయడం), వెనక సేఫ్టీ (చివరి వరస కాపలాదారు) సాయం ఉందా, క్వార్టర్‌బ్యాక్ (పాస్ విసిరేవాడు) బంతి విడవడానికి ఎన్ని సెకన్లు పట్టింది, బంతి దిగేసరికి మనవాడు రిసీవర్ తుంటిని అంటిపెట్టుకుని ఉన్నాడా, అడుగు వెనకబడ్డాడా.

ఈ చివరి గడి మీదే ఎక్కువ సేపు కూర్చో. అంటిపెట్టుకుని ఉండి కూడా క్యాచ్ ఇచ్చాడంటే తల ఆలస్యంగా తిప్పడమో, చెయ్యి అందకపోవడమో అయివుంటుంది. అలాంటివి ఒక ఏడాది అటు, ఒక ఏడాది ఇటు పడుతుంటాయి, కోచ్ కొంతవరకు దిద్దగలడు కూడా. అడుగు వెనకబడి క్యాచ్ ఇచ్చినవే ఎక్కువైతే కాళ్లు చూడు. రిసీవర్ మొదటి కదలికకే నడుము తిప్పేస్తున్నాడా? లోతుగా పరిగెత్తే దారుల్లో చివరి పది గజాల్లో వేగం చాలడం లేదా? మొదటిది అలవాటు, రెండోది శరీరం. 28 ఏళ్లు దాటినవాడిలో ఆ రెండోది కనిపిస్తే నా సలహా ఒక్కటే, వదిలెయ్యి.

పెనాల్టీలు విడిగా లెక్కపెట్టు, క్యాచ్‌ల శాతంలో ఆ నష్టం కనిపించదు. డిఫెన్సివ్ హోల్డింగ్‌కి (రిసీవర్‌ని పట్టుకోవడం) 5 గజాలు పోతాయి, ఎదుటివాళ్లకు ఫస్ట్ డౌన్ (మళ్లీ మొదటి నుంచి ప్రయత్నాలు) దక్కుతుంది. పాస్ ఇంటర్‌ఫియరెన్స్ (బంతి వస్తుండగా రిసీవర్‌ని అడ్డుకోవడం) అయితే తప్పు జరిగిన చోటే బంతి పెడతారు, 40 గజాల దూరంలో చొక్కా పట్టుకుంటే 40 గజాలూ పోయినట్టే. వెనకబడి, భయంతో పట్టుకునేవాడికి ఇవి ఏటా తగ్గవు.

తర్వాత, తప్పు అతనిదేనా అని అడుగు. పాస్ రష్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి మనవాళ్ల దాడి) బలహీనంగా ఉన్న వారాల్లోనే అతను చెడ్డగా కనిపించాడా? ఎంత గొప్ప కార్నరైనా నాలుగు సెకన్లు అంటిపెట్టుకుని ఉండలేడు. తొడ కండరం పట్టేసిన వారం గుర్తించి దానికి ముందు వారాల్నీ తర్వాత వారాల్నీ పక్కపక్కన పెట్టి చూడు. మధ్యలో డిఫెన్సివ్ కోఆర్డినేటర్ (రక్షణ కోచ్) మారితే అదీ రాయి. కార్నర్ నామ్డీ అసొముగా ఓక్లండ్‌లో ఒక పక్క నిలబడి ప్రెస్ మ్యాన్ ఆడి పేరు తెచ్చుకున్నాడు. 2011లో ఫిలడెల్ఫియా 5 ఏళ్లకు 60 మిలియన్ డాలర్లకు తీసుకుని వేరే రకం పనులు అప్పగించింది, రెండు సీజన్లకే వదిలేసింది. మరో కార్నర్ జె.సి. జాక్సన్ న్యూ ఇంగ్లండ్‌లో నాలుగేళ్లలో 25 ఇంటర్‌సెప్షన్లు తీసి 2022లో ఛార్జర్స్ జట్టుతో 82.5 మిలియన్ల ఒప్పందం చేసుకున్నాడు. అక్కడి పద్ధతిలో ఇమడలేదు, మోకాలి గాయమూ తోడైంది. 2023 అక్టోబరుకల్లా పాత జట్టుకే తిరిగి పంపారు. వచ్చే ఏడాది మీ కోచ్ ఏ కవరేజ్ ఎంత శాతం ఆడించబోతున్నాడో అడిగి తెలుసుకుని, మన కుర్రాడి ఆటలో ఆ భాగానికే ధర కట్టు.

వదిలితే ఎవరున్నారన్నది మర్చిపోకు. 2016 ఏప్రిల్‌లో కరొలైనా తన కార్నర్ జాష్ నార్మన్ మీద ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఆటగాణ్ని ఒక్క ఏడాదికి కట్టి ఉంచే ఒప్పందం) ఎత్తేసి ఆ చోట కొత్త కుర్రాళ్లను దింపింది. ఆ అక్టోబరులోనే అట్లాంటా రిసీవర్ హూలియో జోన్స్ ఒక్క ఆటలో వాళ్ల మీద 300 గజాలు కొట్టాడు. రెండో కార్నర్ కూడా బలహీనంగా ఉంటే వదిలే ధైర్యం చెయ్యొద్దు.

ఫ్రాంచైజ్ ట్యాగ్ ఇలాంటివాడికి తగదు. 2025లో కార్నర్ ట్యాగ్ 20 మిలియన్లు దాటింది, ఆ ఏడాది జట్టు మొత్తం క్యాపే (జీతాల పరిమితి) 279.2 మిలియన్లు. సంతకం పెట్టిన క్షణం నుంచి ట్యాగ్ సొమ్మంతా గ్యారంటీ.

ఒప్పందం ఎలా ఉండాలంటే, పైకి మూడేళ్లు కనిపించినా ఏడాదికే బయటపడే దారి ఉండాలి. ఉదాహరణకి 3 ఏళ్లు, 30 మిలియన్లు అనుకో. సైనింగ్ బోనస్ 9 ఇస్తే క్యాప్‌లో ఏటా 3 పడుతుంది. మొదటి సీజన్ అయ్యాక తీసేస్తే మిగతా 6 డెడ్ మనీగా (వెళ్లిపోయినవాడి పేరున క్యాప్‌లో మిగిలే సొమ్ము) నెత్తిన పడుతుంది. బోనస్ 4.5కి దించి, మొదటి ఏడాది జీతానికి గ్యారంటీ ఇస్తే ఆ భారం 3కి తగ్గుతుంది. రెండో ఏడాది జీతానికి ముందే గ్యారంటీ రాయకు. కొంత సొమ్ము ఆటకింత అని 17 ఆటలకూ పంచు, గాయాలతో కూర్చున్న వారాలకు అది ఇవ్వక్కర్లేదు.

గరిష్ఠ ధర ఫిబ్రవరిలోనే కాగితం మీద పెట్టి జనరల్ మేనేజర్ చేత ఒప్పించు. మార్చి మధ్యలో, మార్కెట్ తెరవడానికి రెండు రోజుల ముందు సోమవారం మధ్యాహ్నం నుంచి ఇతర జట్లు ఏజెంట్‌తో మాట్లాడొచ్చు. ఆ గంటల్లో అంకెలు గబగబా పెరుగుతాయి. నీ అంకె దాటితే పోనివ్వు. అయితే కాంట్రాక్టు ముగిసి వెళ్లినవాడికి బదులుగానే మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపిక) మీ జట్టుకు పరిహారపు పిక్ రావచ్చు, 3 నుంచి 7 రౌండ్ల మధ్య. మీరు బయటినుంచి అంతే ఖరీదైనవాణ్ని తెచ్చుకుంటే ఆ పిక్ రద్దవుతుంది. ఇతర జట్లు విడుదల చేసినవాళ్లు ఆ లెక్కలోకి రారు, కాబట్టి అతని చోటికి ముందు వాళ్లలోనే వెతుకు.

ఇట్లు,
పెదనాన్న