ఆసుపత్రిలో ఊరికే ఇచ్చిన పాల డబ్బా: తప్పెవరిది, మానేదెలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. 14 రోజుల క్రితం ఆపరేషన్ అయి పాప పుట్టింది. పుట్టినప్పుడు 2.9 కిలోలు, నిన్న తూస్తే 3 కిలోలు. మూడో రోజున ఆసుపత్రి గదికి ఒకమ్మాయి వచ్చి నా ఫోన్ నంబరు రాసుకుని, 400 గ్రాముల పాలపొడి డబ్బా ఉచితమని ఇచ్చి వెళ్లింది. ‘పాలు చాలట్లేదు, పట్టండి’ అని నర్సమ్మ కూడా అంది. అప్పటి నుంచి రోజుకు ఐదుసార్లు సీసాతో 60 మి.లీ. పడుతున్నాం. ఇప్పుడు రొమ్ము దగ్గర పెడితే పాప గింజుకుని ఏడుస్తోంది. ఆ డబ్బా అయిపోయింది. ఫోన్‌కి రోజూ ఆ కంపెనీ మెసేజ్‌లు వస్తున్నాయి. నాకు నిజంగానే పాలు లేవా? ఇలా ఇవ్వడం న్యాయమేనా?

సమాధానం: న్యాయం కాదమ్మా. చట్టం కూడా ఒప్పదు. అయితే ముందు మీ పాల లెక్క చూద్దాం, న్యాయం సంగతి అందులోనే తేలుతుంది.

ఈ వయసు బిడ్డకు రోజుకు కిలో బరువుకు సుమారు 150 మి.లీ. పాలు కావాలి. 3 కిలోల పాపకు 450. మీరు డబ్బా పాలు పడుతున్నది 300. పుట్టిన బరువును దాటి పాప 100 గ్రాములు పెరిగిందంటే మిగతాది ఎక్కడి నుంచి వస్తోంది? మీ దగ్గర నుంచే. కాబట్టి పాలు లేకపోవడం కాదు, తగ్గాయి. ఎందుకు తగ్గాయో చూడండి.

పుట్టిన రోజు బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది 5 నుంచి 7 మి.లీ., అంటే చెంచాడు. ముర్రుపాలు వచ్చేదీ అంతే. మూడో రోజుకు 25 మి.లీ. దాకా పడుతుంది. పాలు నిండుగా పడటం సాధారణంగా రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య జరుగుతుంది, ఆపరేషన్ అయితే మరో రోజు ఆలస్యం కావచ్చు. ఆ మొదటి రోజుల్లో బిడ్డ బరువు 7 శాతం దాకా తగ్గడం, గంటకోసారి ఏడవడం మామూలే. తల్లి భయపడేదీ అప్పుడే. డబ్బా సరిగ్గా ఆ రోజునే గదిలోకి వచ్చింది, గమనించండి. 25 పట్టే పొట్టలో 60 పోస్తే పాప నాలుగు గంటలు పడుకుంటుంది. ‘చూశారా, ఆకలి తీరింది’ అంటారు. కానీ ఆ నాలుగు గంటలూ రొమ్ము ఖాళీ కాలేదు. లోపల నిలిచిపోయిన పాలే ఇక తయారు చేయవద్దని శరీరానికి చెబుతాయి. బిడ్డ ఎంత లాగితే అంత ఊరుతుంది, లాగకపోతే ఊరదు.

ఇక డబ్బా లెక్క. డబ్బాతో వచ్చే కొలత చెంచాతో ఒక చెంచా పొడి దాదాపు నాలుగున్నర గ్రాములు, దానికి 30 మి.లీ. నీళ్లు. రోజుకు 300 మి.లీ. అంటే 10 చెంచాలు, 45 గ్రాములు. 400 గ్రాములు తొమ్మిది రోజులకు సరిపోతాయి. ఉచితం అయిపోయేసరికి మీ పాలు తగ్గి ఉంటాయి, పాప సీసాకు అలవాటు పడి ఉంటుంది. పదో రోజు నుంచి కొనాలి. పూర్తిగా పోతపాల మీద పెరిగే మూడు నెలల బిడ్డకు నెలకు తొమ్మిది పది డబ్బాలు పడతాయి. లేని కొరతను తెచ్చిపెట్టి దానికి మందు అమ్మడాన్ని కానుక అనలేం.

శిశువుల పాలపొడి, పాలసీసాల మీద మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది. 2003లో దాన్ని బిగించారు. రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి ప్రకటన ఇవ్వకూడదు, శాంపిల్ పంచకూడదు, అమ్మడం కోసం గర్భిణులనూ తల్లులనూ కలవకూడదు, ఆసుపత్రుల్లో పోస్టర్లు పెట్టకూడదు, వైద్య సిబ్బందికి కమిషన్ ఇవ్వకూడదు. ఫోన్లలో, తెరల మీద చేసే ప్రచారానికీ ఇదే వర్తిస్తుంది. డబ్బా మీద పసిపాప బొమ్మ కూడా ఉండకూడదు. అందుకే ఆ బొమ్మ ఇప్పుడు మీ ఫోన్‌లోకి వచ్చింది. ఇంకో ఎత్తు ఏమిటంటే, రెండేళ్లు దాటిన పిల్లల పొడికి ప్రకటన వేసి, అదే రంగు, అదే పేరు ఉన్న పసిబిడ్డల డబ్బాను గుర్తుచేయడం. ఉల్లంఘిస్తే మూడేళ్ల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పెద్ద కంపెనీకి ఆ ఐదు వేలు ఏపాటి?

డబ్బా పాలు విషం కావు. తల్లి లేని బిడ్డకు, తల్లి క్యాన్సర్ మందులు వాడుతున్నప్పుడు, ఇంకా కొన్ని స్థితుల్లో అవి ప్రాణాధారం. అవసరాన్ని చూసి డాక్టరు చీటీ మీద రాయడం వైద్యం. అవసరం ఉందో లేదో చూడకుండా గదిగదికీ పంచడం వ్యాపారం. పట్టినందుకు మీరు తప్పు చేసినట్టు బాధపడనక్కర్లేదు.

మానడం ఒక్కరోజులో చేయకండి, పాప నీరసిస్తుంది. ముందు సీసా పక్కన పెట్టి, మన ఇళ్లలో ఉండే ఉగ్గుగిన్నెతో పట్టండి. సీసాలో పాలు శ్రమ లేకుండా కారుతాయి, రొమ్ము దగ్గర నోరు పనిచేయాలి. పాప గింజుకోవడానికి కారణం అదే. రోజుకు 8 నుంచి 12 సార్లు, బాగా ఆకలేసి ఏడవకముందే, నోరు చప్పరిస్తున్నప్పుడే రొమ్ముకు పెట్టండి. ముందు రెండు వైపులా, తర్వాతే ఉగ్గుగిన్నె. కుట్లు నొప్పిగా ఉంటే పక్కకు తిరిగి పడుకుని గానీ, పాప కాళ్లు మీ చంక కిందుగా వెనక్కి వచ్చేలా పట్టుకుని గానీ ఇవ్వండి. నోరు పెద్దగా తెరిచాక దగ్గరికి తీసుకోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి మడతపడాలి, చనుమొన ఒక్కటే కాక చుట్టూ నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. చనుమొన చీరుకుపోతోందంటే పట్టు సరిగా లేదని అర్థం.

పాప తాగాక పది నిమిషాలు చేత్తో పాలు పిండండి, రోజుకు ఆరేడు సార్లు. అందులో ఒకటి అర్ధరాత్రి దాటాక ఉండాలి, పాలు ఊరించే హార్మోను రాత్రిపూటే ఎక్కువ. మొదట్లో నాలుగు చుక్కలే వస్తాయి, నిరాశపడకండి. పిండిన పాలు ఉగ్గుగిన్నెలోకే.

డబ్బా పాలు పూటకు 60 బదులు 50 చేయండి. మూడు నాలుగు రోజులకోసారి బట్టలు లేకుండా, అదే తూకం మీద తూయించండి. రోజుకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరుగుతుంటే మరో 10 తగ్గించండి. పెరగకపోతే అక్కడే ఆగండి. ఇలా మూడు వారాలు పట్టొచ్చు. మీ ఆశా కార్యకర్త 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. పుట్టింట్లో ఉంటే అక్కడి ఆశాకు చెప్పండి. మూత్రం లెక్కకు డైపర్ పనికిరాదు, అంతా పీల్చేస్తుంది. పాత నూలు చీర గుడ్డలే మేలు. 24 గంటల్లో ఆరు గుడ్డలైనా బాగా తడవాలి.

మునగాకు, వెల్లుల్లి కారం, పాలసొర పులుసు తినండి, బలమే. కానీ రొమ్ము ఖాళీ కాకుండా ఏ కూరా పాలు పెంచదు. బాలింత నీళ్లు తాగకూడదన్న పథ్యం మాత్రం వదిలేయండి. పాపకు తేనె, పంచదార నీళ్లు, ఆముదం వద్దు.

డబ్బా పట్టినన్నాళ్లూ నీళ్ల జాగ్రత్త ముఖ్యం. కాలవ నీళ్లయినా, 20 లీటర్ల క్యాన్ నీళ్లయినా బాగా మరిగించాల్సిందే. ఫిల్టరు నీరు ప్లాంటులో శుభ్రంగా ఉన్నా, క్యాన్‌లో ఉంటుందని నమ్మకం లేదు. పాలపొడిలోనే సూక్ష్మజీవులు ఉండొచ్చు. కాబట్టి నీళ్లు దించి అరగంట దాటకముందే, ఇంకా 70 డిగ్రీల వేడి ఉండగానే కలిపి, గిన్నెను చల్లటి నీళ్లలో పెట్టి చల్లార్చండి. ముందు నీళ్లు, తర్వాత పొడి. చెంచా గీసినట్టు సమంగా ఉండాలి. పొదుపు కోసం పలచన చేస్తే బిడ్డ చిక్కిపోతుంది, బలమని చిక్కగా చేస్తే ఒంట్లో ఉప్పు పెరిగి ప్రమాదం. రెండు గంటలు దాటినవి, ఎంగిలి చేసి మిగిల్చినవి పారబోయండి.

పాప మందంగా పడి ఉండి పాలకు లేవకపోయినా, ఆరు గుడ్డలు తడవకపోయినా, ఒళ్లు కాలినా, చల్లబడినా, పసుపు రంగు కాళ్ల దాకా దిగినా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఆ నంబరును బ్లాక్ చేసే ముందు మెసేజ్‌లకు స్క్రీన్‌షాట్ తీయండి. డబ్బా ఖాళీ అయినా పారేయకండి. బ్యాచ్ నంబరు కనిపించేలా ఫొటో తీసి, ఏ తేదీన, ఏ గదిలో, ఎవరు ఇచ్చారో ఒక కాగితం మీద రాసి, జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి ఒకటి, ఆహార భద్రతా అధికారికి ఒకటి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.